తొమ్మిది మీద పదిహేడు

తెల్లరంగులో ఒక చుక్క నీలిమందు కలపాలి, కలపకపోతే రెండు ఎండాకాలాలు తిరిగేసరికి తెలుపు పాచిపళ్ళ రంగుకు దిగుతుంది, ఇది నాకు ఎవరూ చెప్పలేదు, నేనే రాసి, పచ్చబడ్డాక నన్ను నేనే తిట్టుకుని నేర్చుకున్నాను, ఇరవై ఏళ్ళుగా ఈ డిపోలో రాస్తున్నది ఈ చెయ్యే, వరంగల్ అని, హనుమకొండ అని, కాజీపేట అని, స్త్రీలకు మాత్రమే అని, చేతులు బయట పెట్టరాదు అని, ఉమ్మి వేయరాదు అని, ఉమ్మేవాళ్ళు సరిగ్గా నా అక్షరాల మీదే ఉమ్మారు అది వేరే మాట, ఇన్ని రాసిన చెయ్యి ఇవాళ ఒక్క నెంబరు రాయడానికి ముందుకు పోవడం లేదు, కుంచె ముంచి అరగంటయింది, ముంచిన తడి ఆరిపోయింది, మళ్ళీ ముంచాను, పొద్దు డిపో గోడ దాటి ముక్కు బండి మీదికి వచ్చింది, ముక్కు బండి అంటే ఇంజను ముందుకు పొడుచుకు వచ్చిన పాతకాలపు బస్సు, మూడు ఊళ్ళ మధ్య తిరిగిన సిటీ బస్సుల్లో ఆ రకానివి ఇప్పుడు ఇదొక్కటే మిగిలింది, మిగతావన్నీ తుక్కు కింద అమ్ముడుపోయాయి, దీన్ని మాత్రం గేటు పక్కన ఇటుకల దిమ్మె మీద నిలబెట్టారు, చుట్టూ ఇనుప గొలుసు కట్టారు, ముక్కుకు బంతిపూల దండ వేశారు, పది గంటలకు హైదరాబాదు నుంచి పెద్దాఫీసరు వచ్చి రిబ్బను కత్తిరిస్తాడట, మన తాతలు ఎందులో తిరిగారో రేపటి పిల్లలు చూసి తెలుసుకోవాలట, తెలుసుకోనివ్వండి, నాకేం, నాకు మిగిలింది పక్క నెంబరు ఒక్కటే, కిటికీల కింద పళ్ళెమంత గుండ్రంలో రాసే డిపో నెంబరు, అవతలి పక్క నిన్ననే రాసేశాను, పదిహేడు, ఇవతలి పక్కే మిగిలింది, రాసేయరాదా యాకయ్యా, ఒకటీ ఏడూ, రెండూ గీతలే, పలక పట్టిన పిల్లలు కూడా రాస్తారు.

గీకకుండా ఉండాల్సింది, అవతలి పక్క పొద్దు గూకుతోందని పైపైన ఉప్పుకాగితం రుద్ది రాసేశాను, ఏమీ కాలేదు, ఇవతలి పక్కకు వచ్చేసరికి పొద్దున్నే తీరిక దొరికింది, నాలాంటి వాడికి తీరిక మంచిది కాదు, మా డిపో మేనేజరు రాజేశ్వర్ రావు సారు మొన్న చెప్పిన మాట చెవిలో ఉంది, యాకయ్యా, మొదటి దినం బండి ఎట్లుండెనో అచ్చం గట్లనే కనపడాలె, కింది రంగు దాక గీకు, గదే రంగు కలిపి కొట్టు, హైదరాబాద్ సారుకు పాత వస్తువులంటే పానం, అన్నాడు, సరే సార్ అన్నాను, గీకాను, మొదట నీలం పొట్టు లేచింది, అది ఎనభైలో కొట్టిన నీలం, దాని కింద ఎరుపు, అది డెబ్బై ఆరు, ఆ ఎరుపు డబ్బాలు నేనే మోసుకొచ్చాను, మా చిన్నది నడక నేర్చిన ఏడు, ఎర్రచేతులతో ఇంటికి పోతే దడుసుకుని ఏడ్చింది, ఎరుపు కింద మీగడ రంగు, ఆ మీగడ రంగు మీద నల్లటి పదిహేడు, అక్కడితో ఆగాల్సింది, ఆగలేదు, గీకే రేకు చేతికి అలవాటు పడింది, ఇంకొక్క పొర, ఇంకొక్క పొర అనుకుంటూ పోయాను, పదిహేడు పొడి పొడిగా రాలి నా మోకాళ్ళ మీద పడింది, దాని కింద నుంచి తొమ్మిది లేచి వచ్చింది, నా తొమ్మిదే, తొమ్మిదికి తోక ఎడమవైపు కొంచెం ఎక్కువ లాగి వదలడం నాకు అలవాటు, ఈ జిల్లాలో ఇంకెవరూ అలా రాయరు, పన్నెండేళ్ళు చీకట్లో ఉన్నా మసకబారలేదు, అప్పుడు కూడా నీలిమందు వేసే గుండ్రం దిద్దాను మరి.

అయినా ఇందులో దాపరికం ఏముంది, డిపోలో పాతవాళ్ళందరికీ తెలిసిన సంగతే, పాతవాళ్ళు ఇప్పుడు ఎవరూ లేరు అది వేరే, ఇది మా రివాజు, ఏదైనా బండి కింద మనిషి పోతే ఆ బండి స్టీరింగు పట్టడానికి ఏ డ్రైవరూ ఒప్పుకునేవాడు కాదు, పోయిన మనిషి దినాలు అయ్యేదాకా, అంటే పదకొండో రోజు దాకా, బండి మూలన నిలబడి ఉండేది, పదకొండో రోజు గుమ్మడికాయ కొట్టి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, ఆ బండి నెంబరును ఏ పాపం ఎరగని ఇంకో బండి నెంబరుతో మార్చేవాళ్ళు, దాని నెంబరు దీనికి, దీని నెంబరు దానికి, పాపం రెండూ సగం సగం పంచుకుంటాయని, పోయినవాడు తన బండిని వెతుక్కుంటూ వచ్చినా గుర్తుపట్టలేడని, ముందూ వెనకా ప్లేట్లు ఫిట్టరు విప్పి అటూ ఇటూ బిగించేవాడు, పక్క నెంబర్లు నేను రాసేవాణ్ణి, కాగితం మీద ఏమీ ఉండదు, రూల్సు పుస్తకంలో నిమ్మకాయ ఎక్కడుంటుంది, కానీ పదకొండో రోజుకు ముందు మాత్రం ఆ బండి మీద కుంచె పెట్టకూడదు, దినాలు కాకముందే నెంబరు మారిస్తే పోయినోణ్ణి మళ్ళొకసారి చంపినట్టేరా అని పెద్ద డ్రైవర్లు చెప్పేవాళ్ళు, నేను తొమ్మిదిని పదిహేడు చేసింది కూడా రివాజు ప్రకారమే, పదకొండో రోజునే, మా ఇంటిది అనసూయ అడిగినా ఇదే చెప్పాను, మొగిలయ్య అడిగినా ఇదే చెప్పాను, నాకు నేను ఎన్నిసార్లు చెప్పుకున్నానో లెక్క లేదు.

మొగిలయ్య ఈ బండి డ్రైవరు, ఇది తొమ్మిదిగా ఉన్నప్పుడు, నాకంటే ఆరేళ్ళు చిన్న, యాకన్నా అంటాడు, చలికాలం పొద్దున మొదటి ట్రిప్పుకు ముందు బండి ముక్కు మీద రెండు అరచేతులూ ఆనించి నిలబడేవాడు, ఇంజను వేడెక్కుతుంటే చేతులకు తెలిసేది, వస్తాంది యాకన్నా పానం వస్తాంది అనేవాడు, కూలికి పోయే ఆడవాళ్ళు, ఇంజనీరింగు కాలేజీ పిల్లలు కూడా వచ్చి ముక్కు చుట్టూ చేరి చేతులు కాచుకునేవాళ్ళు, కండక్టరు తాడు లాగితే గంట మోగేది, బతుకమ్మ రోజుల్లో తాంబాలాల్లో పూలు పెట్టుకుని ఎక్కిన ఆడవాళ్ళ కోసం గుంతల్లో నెమ్మదిగా దించి నెమ్మదిగా ఎక్కించేవాడు, ఒక్క పువ్వు రాలనిచ్చేవాడు కాదు, ఇవన్నీ పక్కనున్న బోర్డు మీద రాయించారా, రాయించలేదు, ఎన్ని మైళ్ళు తిరిగిందో రాయించారు, ఎన్ని సీట్లో రాయించారు, డెబ్బై మూడు ఎండాకాలంలో మొగిలయ్య వరసగా నాలుగు రోజులు కంప్లైంటు బుక్కులో రాశాడు, తొమ్మిది నెంబరు, బ్రేకు రెండు మూడుసార్లు తొక్కితే గాని పట్టుట లేదు, నాలుగు రోజులూ అవే ముక్కలు, చూస్తం తియ్యి, ఇయ్యాలటికి కానియ్యి, స్పేర్ బండి లేదు, అన్నాడు అప్పటి సూపర్‌వైజరు, అప్పటి సూపర్‌వైజరే ఇప్పటి మేనేజరు, మనుషులు ఎదగడానికి డిపో మంచి చోటు.

ఐదో రోజు మట్టెవాడ బజారులో, మధ్యాహ్నం, ఎండకు కొట్ల ముందు తడకలు దించి ఉన్నాయి, పోశయ్య అని హమాలీ, కేసముద్రం దగ్గరి ఊరివాడు, గింజల మండీలో పనికి వరంగల్ వచ్చినవాడు, వీపు మీద పెసల బస్తాతో రోడ్డు దాటుతున్నాడు, బస్తా మోసేవాడు తల పక్కకు తిప్పలేడు, హారను విన్నా ఎటు నుంచో తెలియదు, బ్రేకు తొక్కితే నేల దాక పోయిందన్నా, పట్టలే, మళ్ల తొక్కిన, పట్టలే, అని మొగిలయ్య ఆ సాయంత్రం పోలీసుల పక్కన నిలబడి నాతో అన్నాడు, బండికి గీత కూడా పడలేదు, బస్తా పగిలి పెసలు రోడ్డంతా పరుచుకున్నాయట, మనిషిని లేపడానికి నలుగురు వచ్చారట, పెసలు ఎత్తుకోవడానికి పది మంది వచ్చారట, నేను చూడలేదు, కానీ చూసినట్టే ఉంటుంది, పెసరపప్పు వండిన రోజున ఇప్పటికీ ముద్ద దిగదు, అనసూయ పెసరపప్పు మానేసింది, ఎందుకని అడగలేదు, అడిగితే ఏం చెప్పేవాణ్ణో.

పోశయ్య పోయిన నాలుగో రోజు బండి పరీక్ష చేసే ఇన్‌స్పెక్టరు వచ్చాడు, తెల్ల పాంటు, కింద వంగి చూడడానికి ఇష్టపడలేదు, పక్క నెంబరు చూశాడు, ప్లేటు చూశాడు, తొమ్మిది, ఎక్కి ఆవరణలో రెండు చుట్లు తిప్పి బ్రేకు తొక్కాడు, బండి అక్కడికక్కడ నిలబడిపోయింది, ఇంకేముంది, బ్రేకు బాగుంది, డ్రైవరు తప్పించుకోవడానికి బుక్కులో అబద్ధం రాశాడు, కాలు జారింది, ఇదీ తీర్పు, మొగిలయ్యకు ఆరు నెలలు జైలు, ఉద్యోగం పోయింది, బయటికి వచ్చాక తిన్నగా మా ఇంటికి వచ్చాడు, గడప దాటలేదు, నన్ను ఒక్కటే అడిగాడు, యాకన్నా, నెంబర్ ఎప్పుడు మార్చినవ్, నేను చెప్పాను, పదకొండో నాడే గదా తమ్మీ, రివాజు ప్రకారం, అతను కాసేపు వేళ్ళ మీద లెక్క పెట్టుకున్నాడు, ఇన్‌స్పెక్టర్ నాలుగో నాడు వచ్చిండు, నువ్వు పదకొండో నాడు మార్చినవ్, అయితే ఆయన నడిపింది నా బండినే, అన్నాడు, అంతే గదా, అన్నాను, అయితే నా కాలే జారి ఉంటది, అన్నాడు, నీళ్ళిస్తే తాగి వెళ్ళిపోయాడు, చెప్పులు మా గడప ముందే వదిలేసి వెళ్ళాడు, మరిచిపోయాడేమో అని వెనక నుంచి పిలిచాను, మనిషిని తొక్కిన కాలుకు చెప్పెందుకన్నా, అన్నాడు.

అప్పటి నుంచి మొగిలయ్య బస్సు ఎక్కలేదు, పోచమ్మ మైదానంలో సైకిల్ పంక్చర్లు వేస్తాడు, రెండేళ్ళకోసారి మేడారం జాతరకు ఊరు ఊరంతా మా డిపో బస్సులెక్కి పోతుంటే అతను ములుగు రోడ్డు పట్టుకుని ఉత్త కాళ్ళతో నడిచిపోతాడు, పోశయ్య పేరు చెప్పి అమ్మవార్లకు బెల్లం సమర్పించి మళ్ళీ నడిచొస్తాడు, ఐదు జాతరలయ్యాయి, ప్రతిసారీ నాకు ప్రసాదం తెచ్చిచ్చాడు, తిన్నాను, బెల్లం తియ్యగానే ఉంది, నాకు సిగ్గు లేదా అంటే ఉంది, కానీ సిగ్గు పడడానికి నేనేం చేశాను, పదకొండో రోజున రివాజు ప్రకారం రెండు నెంబర్లు రాశాను, రాయడం నా పని, ఆ నెలలోనే నా పర్మినెంటు ఆర్డరు వచ్చింది, ఎనిమిదేళ్ళు రోజుకూలీగా రాసినవాడికి ఎట్టకేలకు వచ్చింది, నా అక్షరం బాగుందని ఇచ్చారు అనుకున్నాను, అనసూయ గుడిలో కొబ్బరికాయ కొట్టింది, పది మందికి చెప్పుకున్నాం.

నిన్న మొగిలయ్య వచ్చాడు, ముక్కు బండిని నిలబెడుతున్నారని ఎవరో చెప్పారట, గేటు బయట నిలబడి యాకన్నా అని పిలిచాడు, పన్నెండేళ్ళ తర్వాత ఆ గేటు దగ్గర ఆ గొంతు విని డబ్బా కింద పెట్టి పోయాను, జర ఒక్కసారి కూసుంటనే, అన్నాడు, వాచ్‌మనుకు నేనే చెప్పి లోపలికి రానిచ్చాను, మెట్టు మీద కాలు పెట్టే ముందు అరికాళ్ళు దులుపుకున్నాడు, సీట్లో కూర్చుని స్టీరింగు ముట్టుకుని కళ్ళకద్దుకున్నాడు, పాత అలవాటు, ఇది నా తొమ్మిదే గదా, పదిహేడు అయినంక మంచిగనే తిరిగిందటనే, అన్నాడు, మంచిగనే తిరిగింది, అన్నాను, కుడికాలు బ్రేకు మీద పెట్టి మెల్లగా తొక్కాడు, ఇటుకల మీది బండికి బ్రేకు ఎందుకు, అయినా తొక్కాడు, వదిలాడు, మళ్ళీ తొక్కాడు, ఆ రెండోసారి తొక్కడం చూడలేక తల తిప్పుకున్నాను, యాకన్నా ఒక్క మాట, నువ్వు రాసింది పదకొండో నాడే గదా, అన్నాడు, పన్నెండేళ్ళుగా అడగని మాట, నేను ఎన్నోసార్లు విన్నట్టు విసుక్కున్నాను, ఎన్నిసార్లు జెప్పాలె మొగిలీ, పదకొండో నాడే, అన్నాను, ఊకె అడిగిననే, కోపం జేయకు, కాలుకు నిద్ర పడతలేదు, అన్నాడు, కాలుకు నిద్ర పట్టకపోవడం ఏమిటి అని నేను అడగలేదు, దిగి పోతూ బండి ముక్కు మీద రెండు అరచేతులూ ఆనించాడు, చల్లగా ఉందేమో, వెంటనే తీసేశాడు.

యాకయ్యా, ఇంకా కాలేదా, రాజేశ్వర్ రావు సారు వచ్చి నిలబడ్డాడు, కొత్త సఫారీ సూటు, మల్లెల సెంటు, వెనక షామియానాలో మైకు హలో హలో అంటోంది, ఇదిగో సార్ ఇదొక్కటే, అన్నాను, ఆయన బోర్డు చదువుతున్నాడు, నేనే రాసిన బోర్డు, ఆయనే చెప్పి రాయించిన మాట, ఇరవై ఏండ్ల సేవలో ఒక్క ప్రాణానికైనా హాని చేయని బండి, మంచిగొచ్చింది, అన్నాడు, నేను ఉండబట్టలేక, సార్, ఇది పాత తొమ్మిది గదా సార్, అన్నాను, గీకిన చోట నల్లగా లేచి ఉన్న అంకెను కుంచె కొసతో చూపించాను, ఆయన కళ్ళజోడు సర్దుకుని వంగి చూశాడు, ఏ తొమ్మిది, అన్నాడు, మట్టెవాడ సార్, మొగిలయ్య సార్, అన్నాను, ఆయన నుదురు ముడిపడింది, నటిస్తున్నాడేమో అని చూశాను, నటన కాదు, నిజంగానే వెతుక్కుంటున్నాడు, దొరకడం లేదు, ఏ మొగిలయ్య, కండక్టరా, అన్నాడు, రిజిస్టర్ల పదిహేడు సాఫ్ ఉన్నది, పదిహేడే రాయి, పది నిమిషాలల్ల కావాలె, ఇంకో సంగతి, నీకు శాలువా కప్పిస్తున్న ఇయ్యాల, పెద్దసారు చేతుల మీదుగ, జర మంచి అంగీ తొడుక్కో, అని భుజం తట్టి పోయాడు, ఆయన మరిచిపోయాడు, పూర్తిగా, శుభ్రంగా మరిచిపోయాడు, ఒక మనిషి బతుకు తీసి మూలన పారేసి ఎక్కడ పారేశాడో కూడా గుర్తులేని మనిషి మీద ఏమని కోపం తెచ్చుకోవాలి, గుర్తు పెట్టుకునే పని కూడా మాకే వదిలేశారు, బోర్డులు రాసే పనితో పాటు.

సరే రాస్తాను, శాలువా కప్పుకుంటాను, రాయకపోతే ఏమవుతుంది, పోశయ్య లేచి వస్తాడా, మొగిలయ్య ఉద్యోగం వస్తుందా, కుంచె ముంచాను, తొమ్మిది మీద పల్చగా తెలుపు పూసి, దాని మీద నల్లరంగుతో గీశాను, ఒకటి, నిటారుగా, చెయ్యి వణకలేదు, బాగా వచ్చింది, ఏడు రాయబోతుంటే డిపో ఊడ్చే ఆమె బండి ముందు ముగ్గేయడానికని నేల మీది చెత్తను చీపురుతో అటు కొట్టింది, దుమ్ము లేచింది, ఆమె చేతి గాజులు గలగలమన్నాయి, దుమ్ము వచ్చి తడి రంగు మీద పడింది, నా నల్లటి ఒకటి గరుకు గరుకుగా మట్టిరంగు అయింది, అయ్యో అన్నా జూడలే, అంది ఆమె, ఫికర్ లేదు తియ్యి, అన్నాను, గుడ్డ కోసం చెయ్యి చాచాను, చెయ్యి అక్కడే ఆగిపోయింది, ఇది ఇంతకు ముందు ఒకసారి జరిగింది, తడి రంగు, దుమ్ము, గాజులు.

పన్నెండేళ్ళ కింద సారలమ్మ, పోశయ్య భార్య, డిపోకు వచ్చింది, ఇద్దరు హమాలీలను వెంటబెట్టుకుని, కొంగు నోట్లో కుక్కుకుని, నేను రాసిన పని దగ్గరే నిలబడి ఉన్నాను, అన్నా, నా మొగన్ని తిన్న బండేది, అని అడిగింది, నేను కుంచెతో చూపించాను, గదే, తొమ్మిది, అప్పుడే నేను తొమ్మిది అని రాసిన మంచి బండి, ఏ పాపం ఎరగని బండి, ఆమె వంగి రెండు గుప్పెళ్ళ మట్టి తీసి దాని మొహాన కొట్టింది, నీ పాడుగాను, నీ పాడుగాను అంటూ కొట్టింది, గాజులు గలగలా మోగాయి, మట్టి తడి తొమ్మిదికి అంటుకుంది, వాళ్ళు పోయాక కిరసనాయిలు గుడ్డతో తుడిచి మళ్ళీ రాశాను, అది నాకు ఎప్పుడూ గుర్తుంది, దినాలయ్యాక వచ్చిందని గుర్తుంది, కానీ గాజులు, యాకయ్యా, గాజులు ఎక్కడివి, దినాల నాడు గాజులు పగలగొడతారు, పదకొండో రోజు దాటాక వచ్చిన ఆడమనిషి చేతికి గాజులు ఎక్కడి నుంచి వస్తాయి, ఎర్ర గాజులు, ఒక్కో చేతికి అరడజను, నుదుట బొట్టు కూడా ఉంది, చెదిరి ఉంది గాని ఉంది, ఇంకో మాట కూడా అంది, నేను విన్నాను, విని ఎక్కడో అడుగున పెట్టి పైన రంగు కొట్టేశాను, పొద్దుటి సంది దవాఖాన ముంగట కూసున్నం, మనిషిని ఇంక మా చేతికియ్యలే, అంది, ఇంకా ఇవ్వలేదు, శవం ఇంకా దవాఖానలోనే ఉంది, పదకొండో రోజా, రెండో రోజు, పోశయ్య పోయిన మర్నాడు, ఎండ కూడా గుర్తుకొస్తోంది ఇప్పుడు, షెడ్డు రేకు నీడ నా కాళ్ళ దాకా వచ్చింది, రాజేశ్వర్ రావు అప్పుడు కూడా ఇలాగే భుజం మీద చెయ్యి వేశాడు, యాకయ్యా, మన రివాజే గదా, ఈసారి జర ముందుగాల కానియ్యి, నీ పర్మినెంట్ కాయితం నా టేబుల్ మీదనే ఉన్నది, అన్నాడు, ముందుగాల ఎందుకు సార్ అని నేను అడగలేదు, అడగలేదు ఎందుకంటే తెలుసు కాబట్టి, ఇన్‌స్పెక్టరు నాలుగో రోజు వస్తాడని డిపోలో ఊడ్చే ఆమెకు కూడా తెలుసు.

మైకులో నా పేరు వినబడుతోంది, పెయింటర్ యాకయ్య గారు ఎక్కడున్నా వేదిక దగ్గరికి రావాలె, ఇరవై సంవత్సరాలుగ మన బస్సులకు పేరు పెట్టిన చెయ్యి, చప్పట్లు, గేటు దగ్గర జనంలో మొగిలయ్య నిలబడి ఉన్నాడు, తెల్ల అంగీ వేసుకుని వచ్చాడు, ఉత్త కాళ్ళు, కొత్తగా పోసిన కంకర మీద నిలబడి ఉన్నాడు, తన బండికి దండ వేస్తారని చూడడానికి వచ్చాడు, పిచ్చోడు, మొగిలీ, అని పిలిచాను, గొలుసు అవతల దాకా వచ్చాడు, నిన్ను పిలుస్తాండ్రు గాదే యాకన్నా, పోరాదు, అన్నాడు, నవ్వుతున్నాడు, నా శాలువాకు అతను సంతోషపడుతున్నాడు, రెండో నాడు, అన్నాను, ఏందన్నా, అన్నాడు, పదకొండో నాడు గాదు మొగిలీ, రెండో నాడు రాసిన, ఇన్‌స్పెక్టర్ రాకముందే రాసిన, ఆయన నడిపింది నీ బండి గాదు, అన్నాను, నవ్వు అలాగే మొహం మీద కాసేపు ఉండి, తర్వాత పోయింది, నా వైపు చూడలేదు, తిట్టలేదు, కొట్టలేదు, కొడితే బాగుండేది, తల వంచి తన కుడికాలి వైపు చూసుకున్నాడు, చాలాసేపు చూసుకున్నాడు, తర్వాత ఆ కాలిని నెమ్మదిగా కంకర మీద నుంచి ఎత్తి, పక్కన నీడలో మెత్తటి మట్టి మీద పెట్టుకున్నాడు.

మైకు ఇంకా పిలుస్తోంది, నేను కిరసనాయిలు గుడ్డతో మట్టిపట్టిన ఒకటినీ దాని కింది తడి తెలుపునూ తుడిచేశాను, కింద తొమ్మిది ఉంది, నల్లరంగులో ముంచిన కుంచెతో దాని మీదుగా నెమ్మదిగా పోయాను, తోకను ఎడమవైపు కొంచెం ఎక్కువ లాగి వదిలాను, పెద్దాఫీసరు కారు గేటులోకి వస్తోంది, ఎవరో పరిగెత్తుకొస్తున్నారు, ఏం రాస్తున్నవ్ యాకయ్యా అని అరుస్తున్నది రాజేశ్వర్ రావే అనుకుంటాను, రానివ్వండి, కుంచె ఎక్కడా వణకలేదు, అదే నన్ను చంపుతోంది, ఆ రెండో రోజున కూడా ఇలాగే వణకలేదు, ఇంత శుభ్రంగానే పోయింది, పన్నెండేళ్ళు ఒక మనిషి తన కాలిని తానే అనుమానించుకుంటూ ఉత్త కాళ్ళతో నడిచాడు, నేను అతను తెచ్చిన బెల్లం తిన్నాను, మొగిలయ్య కాలు జారలేదు, ఆ రోజు నా చెయ్యి కూడా జారలేదు.